ఎడమ మలుపులో నమస్కారం

“దానివల్ల ఎవరికి ఉపయోగం?” అని అడిగింది హత్సునో, మీసో చారులోని తోఫూ ముక్కని పుల్లలతో జాగ్రత్తగా పట్టుకుంటూ.

హత్సునో సుమియేకి అత్తగారు. ఆవిడ అడిగింది మోటార్‌సైకిల్ గురించి. అలాగని ఇంటికి మోటార్‌సైకిలేమీ రాలేదు. నేర్పే స్కూల్లో చేరాననీ, వచ్చే వారం నుంచి క్లాసులనీ సుమియే చెప్పిందంతే. అది కూడా చేపల పళ్లెం బల్ల మీద పెడుతూ, రేపు చెత్తబండి వచ్చే రోజని గుర్తుచేసినంత మామూలుగా చెప్పింది.

“మోటార్‌సైకిలా?” భర్త తోకుజి నోట్లో అన్నం ఉండగానే నవ్వాడు. “పిట్టంత కారుని షెడ్డులోంచి వెనక్కి తియ్యడానికి రెండుసార్లు దిగి చూసుకుంటావు. ఈ వయసులో నీకెందుకే ఇది? కిందపడి కాలు విరిగితే ఇంట్లో పనెవరు చేస్తారు?”

“ఊరికే అన్నారా పెద్దలు, తిరిగి ఆడది చెడుతుంది, తిరక్క మగాడు చెడతాడని!” అంది హత్సునో. తోఫూ ముక్క జారి మళ్లీ చారులో పడింది.

“క్షమించండి అత్తయ్యా” అంది సుమియే తల వంచి. ఏం తప్పు చేసిందో ఆమెకి తెలీదు. ఆ ఇంట్లో క్షమించమనడానికి తప్పు చెయ్యనక్కర్లేదు. ఆ మాట వంటలో ఉప్పులాంటిది, ఏ పూటా లేకుండా గడవదు. కాలు విరిగితే నొప్పి ఎవరికి అని కాకుండా పని ఎవరికి అని ఆలోచించిన మనిషి గిన్నె చాచాడు. ఆమె అందుకుని అన్నం పెట్టడానికి లేచింది. కానీ స్కూలు మానేస్తానని మాత్రం అనలేదు. ఇద్దరూ అది గమనించలేదు.

ఎందుకు నేర్చుకోవాలనిపించిందని ఎవరూ అడగలేదు. అడిగితే సుమియే చెప్పలేకపోయేది, ఎందుకంటే అంతా ఒక ఐస్‌క్రీము దగ్గర మొదలైంది. కిందటి శరదృతువులో తోకుజి చెల్లెలు వచ్చినప్పుడు అందరూ కలిసి సముద్రం ఒడ్డున కారులో షికారు వెళ్లారు. దారిలో కార్లు ఆపే చోట ఐస్‌క్రీములు కొన్నారు. కొనగానే ఒకరి తర్వాత ఒకరు, “ఇది కాస్త పట్టుకో” అని సుమియే చేతిలో పెట్టి బాత్రూములకి వెళ్లారు. మూడు ఐస్‌క్రీములు, మూడూ పరాయివే. తనకి కొనుక్కోలేదు. కొనుక్కుందామన్నా పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అప్పుడొచ్చి ఆగింది ఒక మోటార్‌సైకిలు. హెల్మెట్ తీస్తే నెరిసిన జుట్టు, చెమటకి అంటుకుపోయిన నుదురు, అరవై దాటిన ఆడమనిషి. ఆవిడ ఒక ఐస్‌క్రీము కొనుక్కుని, బండికి ఆనుకుని, సముద్రాన్ని చూస్తూ మొత్తం తినేసింది. ఎవరికీ రుచి చూపించలేదు, ఎవరి మూతీ తుడవలేదు. చివర్లో వేలు నాక్కుని హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయింది. సుమియే మణికట్టు మీదుగా మూడు రకాల ఐస్‌క్రీము కారుతోంది. ఆ క్షణంలో ఆమెకి కలిగింది బండి మీద ఆశ కాదు, పచ్చి అసూయ. ఆశ తర్వాత వచ్చింది.

ఆమెకి దొరికే సమయం ఎంతని! పొద్దున బళ్లో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండే వంటశాలలో ఉద్యోగం. అది ముగిశాక, వృద్ధుల కేంద్రం వ్యాను అత్తగారిని తిరిగి ఇంటి ముందు దింపేదాకా కాస్త ఖాళీ. వ్యాను వచ్చేసరికి కోడలు గేటు దగ్గర నిలబడి, డ్రైవరుకీ ఆయాకీ వంగి వంగి నమస్కారాలు పెట్టకపోతే వీధిలో మాట వస్తుంది. ఆ ఖాళీలోనే క్లాసులు. కోర్సుకి గడువుంది. ఆ లోపల పరీక్ష పాసవ్వాలి, లేకపోతే మళ్లీ మొదటికి రావాలి.

నేర్పే టీచరు పేరు ఇబుకి. ముప్ఫై దాటినట్టుంటుంది, పొట్టిగా, మొహమాటం బొత్తిగా లేని మనిషి. మొదటి రోజే బండిని నేల మీద పక్కకి పడుకోబెట్టి చూపించింది. “ముందు దీన్ని లేపాలండీ. లేపలేకపోతే రోడ్డు మీద ఎవరొచ్చి లేపుతారు? లేవకపోతే చిన్న బండికి మారిపోదాం, ఏమనుకోకండి.”

బండి సుమియే బరువుకి నాలుగింతలుంటుంది. పక్కనే ఉన్న ఇరవయ్యేళ్ల కుర్రవాడు అప్పుడే మొహం ఎర్రబడేదాకా లాగి ఓడిపోయాడు. సుమియే బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత మోకాళ్లు వంచి, ఛాతీ సీటుకి ఆనించి, చేతులతో లాగకుండా తొడల బలంతో లేచింది. ఆమెతోపాటు బండీ లేచింది.

“ఎక్కడ నేర్చుకున్నారండీ ఇది?” ఇబుకి నిజంగానే ఆశ్చర్యపోయింది.

“మా అత్తయ్యని రోజూ స్నానాల తొట్టిలోంచి ఎత్తుతానండీ. బండి నయం, జుట్టు పట్టుకోదు.”

ఇబుకి పడీ పడీ నవ్వింది. సుమియే నవ్వలేదు, ఆలోచనలో పడింది. సాయంత్రమయ్యేసరికి నడుం పట్టేస్తే ‘వయసు మీద పడుతోంది’ అనుకునేది ఇన్నాళ్లూ. వంటశాలలో చారు డేగిసాలు, ఇంట్లో తడి పరుపులు, అత్తగారు. ఇదంతా బలమని ఎవరూ ఎప్పుడూ అనలేదు. పని అన్నారు, అది కూడా ఎప్పుడైనా మిగిలిపోయినప్పుడు.

బండి లేపడం వచ్చింది కానీ నడపడం అంత తేలిగ్గా రాలేదు. సన్నటి పలక వంతెన ఒకటుంటుంది. దాని మీద నెమ్మదిగా, కింద పడకుండా వెళ్లాలి. సుమియే ఎక్కిన ప్రతిసారీ సగంలోనే ముందు చక్రం దిగిపోయేది.

“కింద ఏముందని చూస్తున్నారు?” అని అరిచేది ఇబుకి. “పడిపోయే చోటు తప్ప ఏముందక్కడ? చూపు ఎటుంటే బండి అటే పోతుంది. దూరంగా, ఎదురుగా చూడండి!”

ఎదురుగా చూడటం అంత కష్టమని సుమియేకి తెలీదు. కళ్లు వాటంతటవే కిందకి జారేవి. ఆమె చిన్నప్పటి నుంచీ చాపలూ, గుమ్మంలో వరసగా పేర్చిన చెప్పులూ చూస్తూ పెరిగింది. పెద్దవాళ్ల మొహం సూటిగా చూడటం మర్యాద కాదని నేర్పారు, ఆమె బాగా నేర్చుకుంది. అయినా వదల్లేదు మనిషి. వానలో తడిసింది, మోచెయ్యి చెక్కుకుపోతే వంటశాలలో పొడుగు చేతుల చొక్కా వేసుకుంది, ఇంట్లో దుప్పట్లు ఆరేస్తూ కూడా తాడు చివరకి చూడటం అలవాటు చేసుకుంది. ఒక మధ్యాహ్నం పలక అవతలికి దిగేదాకా ఎక్కడున్నదీ ఆమెకే తెలియలేదు. ఆ తర్వాత మూడో గేరులో తిన్నటి రోడ్డు. గాలి చొక్కాలోకి దూరింది. హెల్మెట్‌లో ఎవరికీ వినపడదు కదా అని గట్టిగా నవ్వింది. ఎన్నాళ్లకి! తన నవ్వు అంత పెద్దదని ఆమె మర్చిపోయింది.

ఇంత చేసి, పరీక్ష రోజున చేసిన పని చూడండి.

పలక దాటింది, వంకర దారి దాటింది, గట్టి బ్రేకు వేసి గీత లోపలే ఆగింది. ఇక మిగిలింది ఒక ఎడమ మలుపు. స్కూలు ఆవరణలోనే వేసిన పెద్ద రోడ్డు మీద నుంచి చిన్న రోడ్డులోకి తిరగాలి. ఆ చిన్న రోడ్డులో కారు నేర్చుకుంటున్న ఒకమ్మాయి గీత దగ్గర ఆగి ఉంది. తన కోసం ఒక కారు ఆగడం చూడగానే సుమియే తల దానంతటదే వంగింది. అది చూసి కారులో అమ్మాయి కూడా మర్యాదగా వంగింది. వంగిన మనిషికి తిరిగి వంగకపోతే ఎలా? సుమియే ఇంకాస్త వంగింది. చూపు చక్రం మీద పడింది, చెయ్యి బ్రేకు మీద బిగిసింది, మలుపు మధ్యలో బండి హాయిగా పక్కకి పడుకుంది. పడితే పరీక్ష అక్కడితో సరి.

“ఎందుకు తల వంచారు?” ఇబుకి కోపంగా అడగలేదు, అర్థంకాక అడిగింది.

“నా కోసం ఆగింది కదండీ పాపం...”

“మీ కోసం ఆగలేదండీ. అక్కడ ఆగాలని గీత ఉంది కనుక ఆగింది. దారి మీది. మీ దారిలో మీరు వెళ్తూ క్షమించమంటారేం?”

ఇంటికొచ్చి చెప్తే తోకుజి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. “నమస్కారం పెడుతూ పడిపోయావా? నడిరోడ్డు మీద? అయ్యబాబోయ్!” అని ఫోను తీసి వీధిపెద్దకి కూడా చెప్పాడు. “ఇప్పటికైనా బుద్ధొచ్చిందా?” అన్నాడు ఫోను పెట్టేసి. “క్షమించండి” అని సుమియే వంగింది. వంగాక, ఆ వంగిన చోటే, ఛీ అనుకుంది.

ఆ మర్నాటి నుంచి తనని తాను కనిపెట్టి చూసుకోవడం మొదలుపెట్టింది. చూసిన కొద్దీ నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వంటశాల తలుపు తీస్తూ వంగింది, మేనేజరుకి వంగింది, అతను వెళ్లిపోయాక అతని కుర్చీకి వంగింది. ఫోనులో మందులషాపు వాడితో మాట్లాడుతూ, వాడికి కనిపించనని తెలిసీ, గోడకేసి వంగింది. పక్కింటి ముసలాయనకి వంగింది, ఆయన కుక్కకి వంగింది. పార్సెలు తెచ్చినవాడు బండెక్కి వెళ్లిపోతుంటే బండి వెనకాల నంబరు ప్లేటుకి వంగింది. వ్యాను దగ్గరైతే లెక్కే లేదు. అందరూ అందరికీ వంగే ఊరే అది, అందులో తప్పు లేదు. మర్యాదకి వంగేవాళ్లు మళ్లీ లేస్తారు. తను లేవడం ఎప్పుడు మానేసిందో వెతుక్కుంటే, పెళ్లినాడు అత్తగారింటి గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చున్నదే గుర్తొచ్చింది.

మానడం పలక వంతెన కన్నా కష్టమైంది. ఫోను మాట్లాడేటప్పుడు గడ్డం కింద పిడికిలి పెట్టుకునేది. వ్యాను వచ్చినప్పుడు తల నిటారుగా ఉంచి, కళ్లలోకి చూసి, “చాలా థాంక్సండీ” అంది. ఆయా తడబడింది కానీ నవ్వి, “మీ గొంతు ఇలా ఉంటుందా!” అంది. చక్రాల కుర్చీలోంచి అత్తగారు మాత్రం పైకీ కిందకీ చూసి, “మెడ పట్టేసిందా?” అని అడిగింది.

మళ్లీ పరీక్షకి వెళ్లడానికి గడువు లోపల ఒకే ఒక్క శనివారం మిగిలింది. సరిగ్గా అదే శనివారానికి తోకుజి వాళ్ల నాన్నగారి పదమూడో ఏటి తద్దినం పెట్టించాడు. గుడి గురువుగారికి వేరే రోజు కుదరదట. చుట్టాలందరికీ చెప్పేశాక సుమియేకి చెప్పాడు.

“పదిహేనుమంది వస్తారు. కూరలు మన ఇంటి పద్ధతిలోనే ఉండాలి, క్యూజో బాబాయికి బయటి వంట పడదు.”

“ఆ శనివారం నేనుండనండీ” అంది సుమియే.

తోకుజి మిగతా వాక్యం కోసం ఎదురుచూశాడు. ఇలాంటి మాటలకి ఆమె దగ్గర ఎప్పుడూ ఒక తోక ఉండేది, క్షమించండి అనో, మీరు వద్దంటే మానేస్తాననో. ఈసారి తోక రాలేదు. సుమియేకి కూడా ఆ ఖాళీ వింతగానే ఉంది. నాలుక చివర మాట సిద్ధంగా ఉంది, మింగేసింది.

“పెద్ద కోడలు లేకుండా తద్దినమా? నలుగురూ ఏమనుకుంటారు? పరీక్ష ఎప్పుడైనా రాసుకోవచ్చు, నాన్నకి పదమూడో ఏడు మళ్లీ వస్తుందా?”

“ఎప్పుడైనా రాయడానికి కుదరదండీ, ఇదే ఆఖరు రోజు. భోజనాల పెట్టెలు తెప్పిస్తాను, ఉప్పు తక్కువ వెయ్యమని బాబాయిగారి కోసం ప్రత్యేకంగా చెప్తాను. అత్తయ్య కిమోనో తీసి ఆరేస్తాను. టీ మీరు పెట్టండి.”

“నేనా? టీ పొడి ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు!”

“పొయ్యి పైన అలమరలో, ఎడమవైపు.”

కుర్చీలో కూర్చుని వింటున్న హత్సునో నోరు తెరిచింది. “ఇంతకీ దానివల్ల ఎవరికి ఉపయోగమో చెప్పవేం?”

“ఎవరికీ లేదు అత్తయ్యా” అంది సుమియే. “నాకు కావాలి, అంతే.”

ఎనభై నాలుగేళ్లలో తనకి కావలసినదాన్ని ఆ మాటతో అడిగిన ఆడదాన్ని హత్సునో చూసి ఉండదు. తోకుజి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాడు, సాక్సులు కనిపించక.

శనివారం పొద్దున సముద్రం వైపు నుంచి చలిగాలి వీస్తోంది. పరీక్ష వరసలో సుమియే మూడో మనిషిగా బయల్దేరింది. పలక దగ్గర చూపు దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీద పెట్టింది. పలక గడిచింది. వంకర దారి, బ్రేకు, అన్నీ గడిచాయి. ఎడమ మలుపు వచ్చింది. ఆ రోజు కూడా చిన్న రోడ్డులో గీత దగ్గర ఒక కారు ఆగి ఉంది. అందులో లైసెన్సు గడువు పెంచుకోవడానికి పరీక్షకొచ్చిన ముసలాయన. సుమియేని చూడగానే ఆయన గుండ్రటి తలని స్టీరింగుకి తగిలేంతగా వంచాడు. తన తండ్రి వయసు మనిషి! ఆమె మెడలో నరం ఒకటి లాగింది. ఇంత అమర్యాద తన జన్మలో చెయ్యలేదు. కళ్లు మాత్రం మలుపు చివర మీదే ఉంచింది, ఆ చివరకే బండి వెళ్లింది. మిన్ను విరిగి మీద పడలేదు. అద్దంలో చూస్తే ముసలాయన తల ఎత్తి తన దారిన తను కారు తిప్పుకుంటున్నాడు.

పాసైనవాళ్ల పేర్లలో తన పేరు పిలిచినప్పుడు ఆమె పలకలేదు. ఇబుకి వచ్చి భుజం మీద ఒక్కటి చరిచి, “మిమ్మల్నేనండీ!” అనాల్సి వచ్చింది. బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని కాసేపు ఏడ్చింది, బాధతో కాదు. ముక్కు చీదుకుని, హెల్మెట్‌కి అణగారిన జుట్టుతోనే ఇంటికి బయల్దేరింది.

ఇంటి గుమ్మంలో చెప్పులన్నీ చిందరవందరగా ఉన్నాయి. వంటింట్లో భోజనం పెట్టెలు, కప్పులు, సారా గిన్నెలు తొట్టి నిండి గట్టు మీదకి పాకాయి. ఎవరూ ఒక్క కప్పు కూడా కడగలేదు, కోడలు వస్తుందిగా! గదిలో బల్ల చుట్టూ పదిహేనుమంది చాపల మీద మోకాళ్లు మడిచి కూర్చున్నారు. మోకాళ్లు మడవలేని హత్సునో ఒక్కతే ఆ చివర కుర్చీలో ఉంది.

“హమ్మయ్య, వచ్చావా” అన్నాడు తోకుజి. “బాబాయికి టీ చల్లారిపోయింది, చూడు కాస్త.”

సుమియే వంటింటి వైపు తిరగలేదు. ఎవరో లేచి వెళ్లగా ఖాళీ అయిన దిండు ఒకటి క్యూజో బాబాయి ఎదురుగా ఉంటే దాని మీద కూర్చుంది. బాబాయి తెల్ల కనుబొమ్మలు ముడిచాడు. ఒక్కమాటలో చెప్పాలంటే చాదస్తుడు, మర్యాద తప్పితే సొంత అన్ననైనా వదిలిపెట్టని మనిషి.

“పెద్ద కోడలివి, ఎక్కడికెళ్లావమ్మా?”

“మోటార్‌సైకిల్ పరీక్షకండీ. పాసయ్యాను.”

తోకుజి మొహం కందగడ్డలా అయింది. క్యూజో బాబాయి ఆమెని చాలాసేపు చూశాడు. ఆయనకి నచ్చిందో లేదో ఎవరికీ తెలీదు, కానీ పరీక్ష పాసైనవాళ్లకి ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. వీపు సరిచేసుకుని, రెండు చేతులూ చాప మీద పెట్టి, “అభినందనలు” అని నుదురు నేలకి తగిలేలా వంగాడు. అంతటి పెద్దాయన వంగితే మిగిలినవాళ్లు నిటారుగా ఎలా ఉంటారు? ఆడపడుచు వంగింది, మరిది వంగాడు, అటు చివరిదాకా తలలన్నీ వంగాయి. అందరికన్నా ఆఖర్న, వేరే దారి లేక, తోకుజి వంగాడు.

ఇప్పుడు ఆమె అంతకన్నా కిందకి వంగితే తప్ప ఎవరూ లేవడానికి లేదు. సుమియే వంగలేదు. ఈ ఇంటివాళ్ల నడినెత్తులు ఇంతవరకూ ఆమె చూడనేలేదు. బాబాయి బట్టతల మీద ఒక పుట్టుమచ్చ ఉంది. తోకుజికి నడినెత్తిన జుట్టు పల్చబడింది, పాపం ఆయనకి తెలీదేమో. ఆ తలల మీదుగా చూస్తే, గదిలో నిటారుగా ఉన్నది ఇంకొక్క మనిషే. కుర్చీలో హత్సునో. ఆవిడ కూడా కోడలినే చూస్తోంది.

“అది ఎంత దూరం పోతుందే?” అంది ముసలావిడ, గొంతు తగ్గించి, తమ ఇద్దరి మధ్య మాటలాగా.

“ఇంకా తెలీదు అత్తయ్యా. లైసెన్సు చేతికి రాగానే ఒక రోజంతా వెళ్లి చూసొచ్చి చెప్తాను. ఆ రోజు మీ స్నానం, వంట, వ్యాను దగ్గర నిలబడటం, అన్నీ మీ అబ్బాయి చూసుకుంటాడు” అని, సుమియే భర్త వైపు తిరిగింది. “ఏవండీ, సరేనా?”

తోకుజి నుదురు ఇంకా చాపకి ఆనే ఉంది. అలా వంగి ఉన్నప్పుడు కాదనడం ఎంత కష్టమో సుమియేకి బాగా తెలుసు.